చెస్ట్‌నట్‌లలో ఏవి తినొచ్చు, ఏవి తినకూడదు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెస్ట్‌నట్ గురించి ఎవరు అడిగినా చివరికి అవే సందేహాలు. ఒకరు అరచేతిలో గోధుమరంగు గింజ పెట్టుకుని ఫొటో తీసి "ఇది తినొచ్చా?" అని పంపుతారు. ఇంకొకరు వాటర్ చెస్ట్‌నట్ వేయాల్సిన వంటలో మామూలు చెస్ట్‌నట్ వేసి, ఎందుకు కుదరలేదని అడుగుతారు. ప్రతిసారీ విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. కొన్ని సంగతులు రెండు మూడు చోట్ల మళ్లీ కనిపిస్తాయి. ప్రాణాపాయానికి సంబంధించినవి కాబట్టి కావాలనే అలా ఉంచాను.

## పేరు దగ్గర మొదలయ్యే సందేహాలు

అసలు చెస్ట్‌నట్ అంటే ఏది? ఇన్ని రకాలు ఎందుకున్నాయి?

వృక్షశాస్త్రం లెక్కన కాస్టానియా అనే ప్రజాతి చెట్లకు కాసేదే చెస్ట్‌నట్. ఓక్, బీచ్ చెట్లు కూడా ఈ కుటుంబానివే. ఎక్కువగా వినిపించే కాస్టానియాలు నాలుగు: యూరప్‌లో విరివిగా పెరిగే తీపి చెస్ట్‌నట్ (కాస్టానియా సటైవా), చైనా చెస్ట్‌నట్ (మొల్లిస్సిమా), జపాన్ చెస్ట్‌నట్ (క్రెనాటా), అమెరికా చెస్ట్‌నట్ (డెంటాటా). నాలుగూ తినేవే. అమెరికాలో చింకపిన్ అనే చిన్న జాతి కూడా ఉంది, అదీ తినేదే. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా చెస్ట్‌నట్ పండించేది చైనా.

చిక్కంతా ఇంగ్లీషు పేరుతో వచ్చింది. నిగనిగలాడే గోధుమరంగు గింజ ఎక్కడ కనిపించినా, దాని ముందు గుర్రమనో నీరనో ఊరి పేరో చేర్చి చెస్ట్‌నట్ అనేశారు. అలా పేరు తగిలించుకున్న వాటిలో చాలావాటికి అసలు చెస్ట్‌నట్‌తో ఏ చుట్టరికమూ లేదు. కొన్ని మంచి ఆహారం, కొన్ని విషం. అందుకే పేరు చూసి నోట్లో పెట్టుకోవద్దని ఇంతగా చెబుతున్నాను.

హార్స్ చెస్ట్‌నట్ కూడా చెస్ట్‌నట్‌లో ఒక రకమే కదా?

కాదు. హార్స్ చెస్ట్‌నట్ ఈస్క్యులస్ అనే వేరే ప్రజాతి. అది కుంకుడు, లిచీలు ఉన్న కుటుంబానికి చెందింది. కుంకుడుకాయను నలిపితే నురగ ఎందుకొస్తుందో హార్స్ చెస్ట్‌నట్‌ను తరిగి నీళ్లలో వేసినా అందుకే నురగొస్తుంది: రెండింటిలోనూ సాపోనిన్‌లు ఉన్నాయి. వీటితోపాటు ఈస్క్యులిన్ అనే విష పదార్థం కూడా హార్స్ చెస్ట్‌నట్‌లో ఉంటుంది. ఇది తినకూడని గింజ. అమెరికాలో బక్ఐ అని పిలిచే చెట్లు కూడా ఈ ప్రజాతివే, వాటి గింజలూ విషమే.

దీని స్వస్థలం బాల్కన్ కొండలు. నీడకోసం, పూల అందంకోసం ప్రపంచంలో ఎన్నో పార్కుల్లో, రోడ్ల పక్కన నాటారు. కాబట్టి పార్కులో మీ కాలికి తగిలిన "చెస్ట్‌నట్" హార్స్ చెస్ట్‌నటే అయ్యే అవకాశం బాగా ఉంది.

ఒక్కమాటలో చెప్పండి: ఏవి తినొచ్చు, ఏవి వద్దు?

నిశ్చింతగా తినదగ్గవి: కాస్టానియా జాతులన్నీ (తీపి, చైనా, జపాన్, అమెరికా చెస్ట్‌నట్‌లు, చింకపిన్), చైనా వాటర్ చెస్ట్‌నట్, సింఘాడా, పసిఫిక్ దీవుల్లో పెరిగే తాహితి చెస్ట్‌నట్. చివరి దాన్ని ఉడికించో కాల్చో తింటారు. ఆసియా అడవుల్లో పెరిగే కాస్టానాప్సిస్ చెట్ల గింజలు కూడా చెస్ట్‌నట్‌కు దగ్గరి బంధువులే, వాటిలోనూ తినేవి ఉన్నాయి.

తినకూడనివి: హార్స్ చెస్ట్‌నట్, బక్ఐ గింజలు, ఆస్ట్రేలియాకు చెందిన మోర్టన్ బే చెస్ట్‌నట్. ఆఫ్రికాలోని కేప్ చెస్ట్‌నట్ కూడా ఆహారం కాదు, ఆ చేదు గింజల నుంచి తీసే నూనెను ఒంటికి రాసుకోవడానికి వాడతారు.

మధ్యలో నిలిచేది మలబార్ చెస్ట్‌నట్. చాలామంది తింటారు గానీ నేను దాన్ని మొదటి వరుసలో పెట్టను.

వాటర్ చెస్ట్‌నట్ అంటే నీళ్లలో పెరిగే చెస్ట్‌నట్టేనా? సింఘాడా కూడా అదేనా?

వాటర్ చెస్ట్‌నట్ పేరుతో రెండు వేర్వేరు మొక్కలున్నాయి. రెండూ తినేవే, రెండూ చెస్ట్‌నట్ కావు.

మొదటిది చైనా వాటర్ చెస్ట్‌నట్. మన తుంగగడ్డి కుటుంబానికి చెందిన మొక్క బురదలో పెంచే చిన్న గుండ్రటి దుంప ఇది. డబ్బాల్లో ముక్కలుగా వచ్చేది దాదాపు ఎప్పుడూ ఇదే. వండినా కరకరలాడటం దీని గొప్పతనం. దాని కణాల గోడల్లో ఫెరూలిక్ ఆమ్లం అడ్డంగా ముడులు వేసినట్టు ఉండటం వల్ల వేడికి కూడా మెత్తబడదు.

రెండోది సింఘాడా. నీటిమీద తేలే ట్రాపా అనే మొక్క కాయ. ఎద్దు తలలా రెండు వైపులా కొమ్ములుంటాయి, కొన్ని రకాలకు నాలుగు కొమ్ములు. లోపల తెల్లటి గింజ, ఉడికిస్తే పిండిపిండిగా ఉంటుంది. వంటలో ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే రుచి మారుతుంది తప్ప ప్రమాదం లేదు. అయితే అసలు చెస్ట్‌నట్ ఉడికితే చిలగడదుంపలా మెత్తగా, తియ్యగా అవుతుంది. కాబట్టి కరకరలాడాల్సిన చోట దాన్ని వేస్తే ఆ వంట కుదరదు.

ఫ్రెంచి వంటల్లో "మారోన్" అని చూశాను. అది హార్స్ చెస్ట్‌నట్ అని ఎవరో అన్నారు. నిజమేనా?

ఈ మాట దగ్గర ఫ్రెంచివాళ్లే తడబడుతుంటారు. "మారోన్ గ్లాసే" అంటే పాకంలో ఊరబెట్టిన తీపి చెస్ట్‌నట్, అది తినేదే. "మారోన్ డాండ్" అంటే మాత్రం హార్స్ చెస్ట్‌నట్, అది విషం. వాడుకలో రెండింటినీ ఉత్త "మారోన్" అనేస్తారు. ఈ పొరపాటు వల్ల జనం అస్వస్థులవుతున్నారనే ఫ్రాన్స్‌లోని ఆహార భద్రత సంస్థ ఆన్సెస్ ఈ రెండింటి తేడా గురించి హెచ్చరిస్తూ వస్తోంది. కొన్న డబ్బాలో, సీసాలో ఉన్న మారోన్ తినేదే. చెట్టు కింద ఏరుకున్న "మారోన్"నే అనుమానించాలి.

మనీ ట్రీ కాయల్ని మలబార్ చెస్ట్‌నట్ అంటారట. తినొచ్చా?

ఇది పచిరా అనే చెట్టు. పేరులో మలబార్ ఉన్నా పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. కుండీల్లో కాడలు జడలా అల్లి పెంచుతారే, ఆ మనీ ట్రీ ఇదే. తీగలా పాకే మనీ ప్లాంట్ వేరు, దాన్ని ఏ రూపంలోనూ తినకూడదు.

పచిరా గింజల్ని కాల్చుకుని, వేయించుకుని తినేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆ గింజల నూనెలో సైక్లోప్రొపీన్ కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఇవి జంతువుల మీద చెడు ప్రభావం చూపేవిగా పేరుపడినవి. ఎప్పుడో ఒకసారి వేయించి రెండు మూడు రుచి చూశారంటే టెన్షన్ పడక్కర్లేదు. పచ్చిగా తినడం, రోజూ పిడికెడు తినడం వద్దనే చెబుతాను.

మోర్టన్ బే చెస్ట్‌నట్ అంత ప్రమాదమా? ఆదివాసులు తినేవారని చదివాను.

ప్రమాదమే. ఇది ఆస్ట్రేలియా తూర్పుతీరంలో పెరిగే చిక్కుడు కుటుంబపు చెట్టు. లావుపాటి కాయలో పెద్ద పెద్ద గింజలు ఉంటాయి. అక్కడి మూలవాసులు వీటిని తిన్నమాట నిజం. కానీ తినే ముందు పలచగా తరిగి, వేడి చేసి, రోజుల తరబడి పారే నీటిలో ఉంచి విషాన్ని కడిగేసేవారు. తరాలుగా చేతికి అలవాటైన విద్య అది, చదివి వంటింట్లో ప్రయత్నించేది కాదు. దీన్ని బ్లాక్ బీన్ అని కూడా పిలుస్తారు, కూరల్లో వాడే నల్ల చిక్కుడు గింజలతో దీనికి సంబంధం లేదు. ఈ గింజలోని కాస్టానోస్పెర్మిన్ అనే పదార్థం మీద వైరస్ మందుల కోసం పరిశోధనలు జరిగాయి. మందుగా పరిశోధించారంటే తినొచ్చని కాదు.

అమెరికన్ చెస్ట్‌నట్ గొప్పదని అంటారు, మరి ఎక్కడా దొరకదేం?

చెట్లే పోయాయి. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో చెస్ట్‌నట్ చెట్ల బెరడుకు ఒక శిలీంధ్రం సోకినట్టు గమనించారు. ఆసియా నుంచి తెచ్చిన చెట్లతో వచ్చిన తెగులు అది. ఆసియా చెట్లు దాన్ని తట్టుకోగలవు, అమెరికా చెట్లు తట్టుకోలేకపోయాయి. సుమారు యాభై ఏళ్లలో 300 నుంచి 400 కోట్ల చెట్లు నాశనమయ్యాయని అంచనా. ఇప్పటికీ పాత వేళ్ల నుంచి పిలకలు వస్తూనే ఉన్నాయి, కాస్త ఎదగగానే తెగులు మళ్లీ చంపేస్తుంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. మీకు కొనడానికి దొరికేవి యూరప్, చైనా, జపాన్ జాతులో వాటి సంకర రకాలో అయి ఉంటాయి.

## ఏరేటప్పుడు, కొనేటప్పుడు

చెట్టు కింద గింజలు రాలాయి. తినేవో విషపువో ఎలా పోల్చాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. నాలుగు చోట్ల చూడాలి: పైడొల్ల, గింజ కొన, ఆకు, పువ్వు.

పైడొల్ల దగ్గర తేడా బాగా తెలుస్తుంది. తినే చెస్ట్‌నట్ డొల్ల ముడుచుకున్న ముళ్లపందిలా ఉంటుంది. సన్నని, సూదుల్లాంటి ముళ్లు సందు లేకుండా కమ్ముకుని ఉంటాయి, ఒట్టి చేత్తో పట్టుకోలేం. హార్స్ చెస్ట్‌నట్ డొల్ల పచ్చగా, మందంగా, తోలులా ఉండి అక్కడక్కడ మాత్రమే పొట్టి ముళ్లుంటాయి. దాన్ని చేత్తో పట్టుకోవచ్చు. బక్ఐల్లో కొన్నిటికి డొల్ల పూర్తిగా నున్నగానే ఉంటుంది.

ఇక గింజ. తినే చెస్ట్‌నట్‌కు పైన సన్నని కొన ఉంటుంది, ఆ కొనన చిన్న కుచ్చు లాంటి ఎండిన పూతభాగం మిగిలి ఉంటుంది. ఒక డొల్లలో రెండు మూడు గింజలు ఒకదానికొకటి ఒత్తుకుని పెరుగుతాయి కాబట్టి సాధారణంగా ఒక పక్కైనా చదునుగా ఉంటుంది. హార్స్ చెస్ట్‌నట్ గుండ్రంగా, నున్నగా, గోళీలా ఉంటుంది, కొన ఉండదు. పాలిపోయిన మచ్చ రెండింటికీ ఉంటుంది, కాబట్టి మచ్చను చూసి తేల్చొద్దు.

ఆకు ఇంకా తేలిక. తినే చెస్ట్‌నట్ ఆకు మామిడాకులా పొడుగ్గా, ఒంటరిగా ఉండి, అంచు పొడవునా రంపపు పళ్లుంటాయి. హార్స్ చెస్ట్‌నట్ ఆకు బూరుగు ఆకులా ఉంటుంది: ఒకే చోటు నుంచి ఐదు నుంచి ఏడు చిన్న ఆకులు చేతివేళ్లలా విచ్చుకుంటాయి.

పూలకాలంలో చూసిన చెట్టయితే అదీ ఉపయోగమే. తినే చెస్ట్‌నట్‌కు వేసవి మొదట్లో పొడవాటి మీగడరంగు కంకులు వేస్తుంది. హార్స్ చెస్ట్‌నట్ వసంతంలో కొవ్వొత్తుల్లా నిటారుగా నిలబడ్డ పూలగుత్తులు పెడుతుంది.

నాలుగింటిలో కనీసం మూడు కుదిరితేనే ఏరండి.

డొల్లా లేదు, చెట్టూ తెలియదు, గింజ ఒక్కటే చేతిలో ఉంది. ఎలా?

కొన, కొనన కుచ్చు, ఒక పక్క చదును: ఈ మూడూ ఉంటే కాస్టానియా అయ్యే అవకాశం ఎక్కువ. కొన లేకుండా గుండ్రంగా ఉంటే పారేయండి. కుచ్చు రాలిపోయి కొన అరిగిపోయిన గింజలూ ఉంటాయి, అలాంటప్పుడు ఖాయంగా చెప్పలేం. అనుమానం ఉన్న గింజను తినకపోతే పోయేదేమీ లేదు. ఫొటో చూసి తేల్చమని నన్ను అడిగినా అదే చెబుతాను.

డొల్లలో ఒకటే గింజ ఉంది. అంటే హార్స్ చెస్ట్‌నట్టేనా?

అలా ఏం లేదు. హార్స్ చెస్ట్‌నట్‌లో ఎక్కువగా ఒక్క గింజే ఉంటుంది, కానీ అప్పుడప్పుడు రెండూ ఉంటాయి. మరోవైపు తినే జాతుల్లో చింకపిన్‌కు డొల్లకు ఒకటే గింజ. తీపి చెస్ట్‌నట్‌లో కూడా పక్క గింజలు తాలుగా పోయి ఒక్కటే ఎదిగితే అది గుండ్రంగా కనిపిస్తుంది. గింజల లెక్క ఒక్కదాన్నే నమ్ముకోకండి. డొల్ల మీద ముళ్లు సూదుల్లా ఒత్తుగా ఉన్నాయా లేదా, గింజకు కొన ఉందా లేదా అన్నది చూడండి.

కొంచెం కొరికి చూస్తే తెలిసిపోదా? విషమైతే చేదుగా ఉంటుంది కదా?

హార్స్ చెస్ట్‌నట్ చేదుగానే ఉంటుంది. అయినా ఇది పరీక్ష కాదు. పచ్చి తినే చెస్ట్‌నట్ కూడా లోపొరతో కొరికితే నోరు పట్టేసేంత వగరు. ఆ వగరుకూ ఈ చేదుకూ తేడా మొదటిసారి తినేవాళ్లకు తెలియదు. నేతిలోనో చక్కెరపాకంలోనో వేస్తే చేదు కొంత మరుగున పడుతుంది కూడా. నోట్లో పెట్టాక చేదనిపిస్తే వెంటనే ఉమ్మి నోరు కడుక్కోండి, కానీ తెలుసుకోవడం కోసమని నోట్లో పెట్టొద్దు.

నీళ్లలో వేస్తే తేలినవి విషపువి, మునిగినవి మంచివి అంటారు. నిజమా?

నీళ్ల పరీక్ష గింజ పాడైందో లేదో చెబుతుంది, విషమో కాదో చెప్పదు. పురుగు తొలిచినవి, లోపల ఎండి పెంకుకూ పప్పుకూ మధ్య ఖాళీ వచ్చినవి తేలతాయి. తాజా హార్స్ చెస్ట్‌నట్ చక్కగా మునుగుతుంది. ఇది తినే చెస్ట్‌నటే అని ముందు ఖాయం చేసుకున్నాక, మంచివీ పుచ్చువీ వేరు చేయడానికి మాత్రం ఈ పద్ధతి వాడండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి తగ్గ బరువుండాలి. వేలితో నొక్కితే పెంకు లోపలికి పోకూడదు. ఊపితే గలగలమంటే ఎండిపోయిందని అర్థం. గుండ్రటి సన్న చిల్లు కనిపిస్తే పురుగు తినేసి బయటికి వెళ్లిపోయిందన్నమాట. పెంకు నిగనిగ తగ్గి, బూజు వాసన వస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

## ఇంటికి తెచ్చాక, వండేటప్పుడు

బాదంలాగా డబ్బాలో పోసి బయట పెట్టాను, వారానికే బూజు పట్టాయి. ఎందుకు?

బాదంలో కొవ్వు దాదాపు సగం ఉంటుంది, నీరు చాలా తక్కువ. చెస్ట్‌నట్ తలకిందులు: పచ్చి గింజలో సగం దాకా నీరే, కొవ్వు నామమాత్రం. అందుకే దీన్ని డ్రైఫ్రూట్‌లా కాకుండా కూరగాయలా చూసుకోవాలి. గాలి ఆడే చిల్లుల సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు వారాలు నిలుస్తాయి. పెంకు తీసి ఉడికించి డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెలలు ఉంటాయి.

ఏరిన వెంటనే కంటే రెండు మూడు రోజులు ఆరనిస్తే రుచి పెరుగుతుంది, పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. లోపల బూజు, నలుపు, పులిసిన వాసన ఉన్న గింజను ముక్క కోసి మిగతాది వాడుకుందామనుకోకండి. బూజు వదిలే విషాలు ఉడికించినా పూర్తిగా పోవు.

గాటు పెట్టకుండా కాలిస్తే ఏమవుతుంది?

పేలుతుంది. లోపలి నీరు ఆవిరై బయటికి దారి లేక పెంకును పగలగొడుతుంది. ముఖం మీదికి ఎగిరితే కళ్లకు ప్రమాదం. చదునుగా ఉన్న పక్క పదునైన చిన్న కత్తితో పెంకునూ లోపొరనూ చీల్చేంత లోతుగా అడ్డంగా ఒక గాటో, ఇంటూ గుర్తులాగా రెండో పెట్టండి. గింజ గుండ్రంగా జారుతుంది కాబట్టి తువ్వాలు మీద పెట్టి కోయండి. ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు, మరిగే నీళ్లలో అయితే 15 నుంచి 20 నిమిషాలు. మైక్రోవేవ్‌లో పెట్టినా గాటు తప్పనిసరి.

లోపలి పొట్టు ఎంతకీ రాదు, ఏం చేయాలి?

వేడిగా ఉన్నప్పుడే ఒలవాలి, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. కాల్చినవాటిని ఒక తడి బట్టలో చుట్టి ఐదారు నిమిషాలు ఉంచి, ఒక్కొక్కటే తీసి ఒలుచుకోండి, మిగతావి మూటలోనే ఉండాలి. మీ ఓపిక తక్కువనుకోవద్దు, జాతిని బట్టి కూడా ఉంటుంది. చైనా చెస్ట్‌నట్ పొట్టు సులువుగా వస్తుంది, జపాన్‌ది గట్టిగా పట్టుకుని ఉంటుంది.

పచ్చి చెస్ట్‌నట్ తినొచ్చా?

కాస్టానియా జాతివైతే విషం కాదు. ఒకటి రెండు, లోపలి పొట్టు పూర్తిగా తీసేసి తినొచ్చు. ఆ పొట్టులో ఉండే టానిన్‌ల వల్లే వగరు, ఎక్కువైతే కడుపులో ఇబ్బంది. పచ్చిది పిండిగా, గట్టిగా ఉండి అరగడమూ కష్టమే. వండితే రుచీ, అరుగుదలా రెండూ బాగుంటాయి కాబట్టి వండుకునే తినమంటాను.

సింఘాడా, వాటర్ చెస్ట్‌నట్ పచ్చివి తింటే?

మొక్క తప్పేమీ లేదు, అది పెరిగిన నీటితోనే జాగ్రత్త. మురికి చేరిన చెరువుల్లో, కుంటల్లో పెరిగిన వాటి పెంకుమీద ఫాసియోలాప్సిస్ బస్కి అనే పేగు పరాన్నజీవి గూడు కట్టుకుని ఉండొచ్చు. పచ్చి కాయను పళ్లతో ఒలిచేటప్పుడు అది కడుపులోకి పోతుంది. నోటితో ఒలవకండి. బాగా కడిగి, కత్తితో ఒలిచి, మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు ఉడికిస్తే ఆ భయం ఉండదు. పెరిగిన నీరు ఎలాంటిదో తెలియకపోతే ఉడికించే తినండి.

హార్స్ చెస్ట్‌నట్‌ను బాగా ఉడికిస్తే విషం పోతుందా? జపాన్‌లో తింటారట కదా?

మామూలుగా కాల్చినా ఉడికించినా పోదు. ఈ అపోహే మనుషుల్ని ప్రమాదంలో పడేస్తుంది.

జపాన్‌లో తినేది ఈస్క్యులస్ టర్బినాటా అనే బంధు జాతి. దాన్ని ఎండబెట్టి, రోజుల తరబడి నానబెట్టి, పారే నీళ్లలో ఉంచి, కట్టెల బూడిద కలిపి చేదు లాగేశాకే జిగురు బియ్యంతో కలిపి వాడతారు. హిమాలయాల్లో పెరిగే భారతీయ హార్స్ చెస్ట్‌నట్ పిండిని కూడా కొండవాసులు పదేపదే నీళ్లు మార్చి నానబెట్టాకే తినేవారు. ఏ దశ ఎంతసేపు, నీళ్లు ఎన్నిసార్లు అన్నది వాళ్లకు చేతులతో వచ్చిన జ్ఞానం. ఆ ఓపికను, ఆ విద్యను నేను ఎంతో గౌరవిస్తాను. గౌరవిస్తాను కాబట్టే, రెండు వాక్యాల్లో చదివి ఇంట్లో చేయొద్దని చెబుతున్నాను.

## ఎవరు తినొచ్చు, ఎవరు జాగ్రత్తపడాలి

నాకు నట్స్ అలర్జీ. చెస్ట్‌నట్ తినొచ్చా?

మీ డాక్టర్‌ని అడక్కుండా వద్దు. బాదం, జీడిపప్పు అలర్జీ ఉన్న అందరికీ ఇది పడదని కాదు, కానీ కొందరికి పడదు. ఇంకో గుంపు కూడా ఉంది: రబ్బరు గ్లవ్స్, బెలూన్లు తగిలితే దురద వచ్చేవాళ్లు. రబ్బరు పాలలో ఉండే కొన్ని ప్రొటీన్ల లాంటివే చెస్ట్‌నట్, అరటి, అవకాడో, కివీలలో ఉంటాయి. అరటిపండు తింటే నోరు దురద పెట్టేవాళ్లు చెస్ట్‌నట్‌తోనూ జాగ్రత్తగా ఉండాలి. ప్యాకెట్ మీద అలర్జీ హెచ్చరిక లేదని ధీమా పడొద్దు. యూరోపియన్ యూనియన్ తప్పనిసరిగా చెప్పమనే ఎనిమిది నట్స్ జాబితాలో చెస్ట్‌నట్ లేదు. పదార్థాల వరుస మొత్తం చదవండి.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

తినొచ్చు, అయితే నట్స్ లెక్కలో కాకుండా అన్నం, దుంపల లెక్కలో వేసుకోవాలి. కాల్చిన చెస్ట్‌నట్ 100 గ్రాముల్లో సుమారు 53 గ్రాములు పిండిపదార్థాలే, కొవ్వు రెండు గ్రాములు, ప్రొటీన్ మూడు గ్రాములు, మొత్తం 245 కేలరీలు. బాదంలాగా గుప్పెడు నోట్లో వేసుకుంటే చక్కెర పెరుగుతుంది. నాలుగైదు గింజలు తిన్న పూట అన్నం కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది. పాకంలో ఊరినవి వేరే సంగతి, అవి మిఠాయే.

గోధుమ పడనివాళ్లకు చెస్ట్‌నట్ పిండి పనికొస్తుందా?

పనికొస్తుంది, చెస్ట్‌నట్‌లో గ్లూటెన్ లేదు. అదే మరలో గోధుమ కూడా ఆడించి ఉండొచ్చు కాబట్టి ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదని రాసి ఉన్నదే తీసుకోండి.

చిన్నపిల్లలకు పెట్టొచ్చా?

బాగా ఉడికించి, చిదిమి పెట్టండి. గింజ మొత్తంగా ఇస్తే గొంతుకు అడ్డం పడుతుంది. పార్కులో ఏరుకొచ్చిన గింజలు ఆడుకోవడానికి ఇచ్చినా ఇదే ప్రమాదం, పైగా హార్స్ చెస్ట్‌నట్ అయితే విషం కూడా. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు వాటిని అందనివ్వకండి.

మా కుక్క తినేసింది, ఏమవుతుంది?

ఉడికించిన తినే చెస్ట్‌నట్ ఒకటి రెండు తింటే ఏమీ కాదు. హార్స్ చెస్ట్‌నట్ అయితే వాంతులు, విరేచనాలు, తూలడం రావచ్చు. గింజ పేగుల్లో ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి. పేరులో గుర్రం ఉంది కదా అని గుర్రాలకో పశువులకో పెట్టొద్దు, వాటికీ విషమే.

హార్స్ చెస్ట్‌నట్ మాత్రలు కాళ్ల నరాల వాపుకు అమ్ముతున్నారు. మరి అది విషం కాదా?

ఆ మాత్రల్లో ఉండేది గింజ పొడి కాదు. విషభాగమైన ఈస్క్యులిన్‌ను తీసేసి, ఈసిన్ అనే పదార్థం ఎంత ఉండాలో కొలిచి చేసిన సారం. కాళ్లలో సిరల రక్తప్రసరణ మందగించినప్పుడు వాడతారు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. ఇంట్లో గింజలు నూరి కషాయం చేసుకుంటే అది ఈ మందు అవ్వదు, విషమే అవుతుంది.

## పొరపాటున తినేస్తే

హార్స్ చెస్ట్‌నట్ తిన్నామని తర్వాత తెలిసింది. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. నోట్లో మిగిలింది ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించండి. బలవంతంగా వాంతి చేయించొద్దు. వెంటనే డాక్టర్‌కో, మీరున్న చోట విష సమాచార కేంద్రం ఉంటే దానికో ఫోన్ చేసి, తిన్నవాళ్ల వయసు, ఎన్ని తిన్నారు, ఎంతసేపైంది చెప్పండి. మిగిలిన గింజ, డొల్ల, ఒక ఆకు దగ్గరుంచుకోండి. చూడగానే ఏ చెట్టో తేల్చడానికి డాక్టర్‌కు అవి బాగా పనికొస్తాయి.

చిన్న ముక్క కొరికి ఉమ్మేసిన పెద్దవాళ్లకు సాధారణంగా కడుపు తిప్పడం, గొంతులో మంటతో సరిపోతుంది. ఎక్కువ తింటే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, తల తిరగడం, నీరసం, కనుపాపలు పెద్దవవడం, కండరాలు అదరడం కనిపిస్తాయి. తూలుతున్నా, మత్తుగా ఉన్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లలు ఎంత తిన్నా, లక్షణాలు లేకపోయినా డాక్టర్‌తో మాట్లాడి తీరాలి.

తినే చెస్ట్‌నటే తిన్నాను, అయినా కడుపు ఉబ్బింది. విషమా?

ఎక్కువ తిన్నా, సరిగ్గా ఉడకనివి తిన్నా, పొట్టుతో తిన్నా ఉబ్బరం వస్తుంది. అది విషం లక్షణం కాదు. కానీ పెదవులు వాచడం, ఒంటిమీద దద్దుర్లు, ఆయాసం ఉంటే అది అలర్జీ. అప్పుడు ఆలస్యం చేయకుండా అత్యవసర వైద్యం తీసుకోండి.

హార్స్ చెస్ట్‌నట్ గింజల్ని ముట్టుకున్నా ప్రమాదమేనా? ఇంట్లో ఉన్నవి పారేయాలా?

ముట్టుకుంటే ఏమీ కాదు. బ్రిటన్‌లో తరతరాల పిల్లలు వాటికి చిల్లు పెట్టి, తాడుకు గుచ్చి, ఒకరిది ఒకరు పగలగొట్టే ఆట ఆడుకున్నారు. 1917లో మొదటి ప్రపంచయుద్ధం వేళ అక్కడి ప్రభుత్వం బడిపిల్లల చేత వీటిని టన్నులకొద్దీ ఏరించింది. పులియబెట్టి అసిటోన్ తీయడానికి, ఆ అసిటోన్‌తో తూటాల్లో వాడే కార్డైట్ మందు తయారుచేయడానికి. కాబట్టి అలంకరణకు, ఆటకు ఉంచుకోవచ్చు. తినే చెస్ట్‌నట్‌లు పెట్టిన వంటింటి గిన్నెలో మాత్రం వాటిని కలపకండి. పెంకు తీసి ఉడికించాక ఏది ఏదో ఎవరూ పోల్చలేరు.